ఇల్లు చిమ్మకూడని పొద్దు

"పోయేదానివి ఎట్లాగూ పోతాండావు. విత్తనం కాయలు వలిచిపెట్టి పో" అంటూ బయమ్మ గోనెసంచి ఈడ్చుకొచ్చి కోడలి ముందర కుమ్మరించింది.

మరునాడు పొద్దున ఏడు గంటల బస్సుకు కదిరమ్మ బెంగళూరు పోవాలి. అక్కడ గార్మెంట్సులో కుట్టుపని దొరికింది. అయినా సరే, కాయలు వలవాలి. నల్లమాడ దగ్గరి ఆ ఊళ్లో వేరుశనగ విత్తనాన్ని ఎవరూ మిషనుకు వేయరు. గింజ మీది పొర లేచిపోతే మొలక రాదు. నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక ఒక్కొక్క కాయనూ చేత్తోనే వలవాలి. చేత్తో అంటే ఎవరి చేత్తో అని అడిగినవాళ్లు ఆ ఇంట్లో ఇంతవరకూ లేరు. విత్తనం వలిచే ఒడుపు మగవాళ్ల వేళ్లకు దేవుడు ఇవ్వలేదట. ఉడకబెట్టిన కాయలు ముందర పెడితే మాత్రం ఆ ఒడుపు ఎక్కడినుంచి ఊడిపడుతుందో!

వారం నుంచీ ఇదే తంతు. పప్పులపొడి కొట్టి డబ్బాకెత్తింది. రాగులు ఆడించింది. పిడకలు చరిచింది. బోరింగు దగ్గర బిందె మీద బిందె కొట్టి బొంతలన్నీ ఉతికింది. తాను లేని రోజుల చాకిరీ కూడా ముందే చేసిపెట్టి పోవాలన్నమాట. చచ్చేవాళ్లు కూడా ఇంతగా సర్దిపెట్టి చావరు.

మొగుడు ఓబుళేసు ఆరేండ్లు, ఏడాదికొకసారి, అదే బెంగళూరుకు సిమెంటు పనికి పోయి వచ్చాడు. అతను పోయేరోజు చూడాలి ఆ ఇంటి సంబడం! కోడి తెగేది. బయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "నా కొడుకు యాడ తింటాడో, యాడ పండుకుంటాడో" అని బస్సు కనుమరుగయ్యేదాకా రోడ్డు మీదే నిలబడేది. ఇంటికి వచ్చీరాగానే కోడలికి ఆజ్ఞ. "ఈ పొద్దు పొరక ముట్టొద్దు. మనిషి బయలుదేరిపోతానే ఇల్లు చిమ్మితే మళ్లా తిరిగి రారు. శవాన్ని ఎత్తినాకనే అట్ల చిమ్మేది." పదమూడేండ్ల కాపురంలో కదిరమ్మ నడుముకు దొరికిన సెలవులు ఆ ఆరే.

ఈ ఏడు అతను "నా నడుము పోయింది, ఆ పని నాతో కాదు" అని అరుగెక్కి కూర్చున్నాడు. మూడేండ్లుగా వాన సరిగా లేదు. కుట్టు నేర్చుకున్నాను గదా, నేను పోతానంది కదిరమ్మ. ఎవరూ వద్దనలేదు. వద్దనడానికి ఇంట్లో గింజలుండాలి కదా! కానీ పోయే మనిషిని పంపే తీరు కూడా ఒకటుంటుంది.

"నువ్వు పోతే నీళ్లెవరు తెస్తారు?" అన్నాడు ఓబుళేసు.

"సంగటి ఎవరు కెలుకుతారు?" అంది బయమ్మ.

నువ్వు లేకపోతే మాకు దిగులుగా ఉంటుందని మాటవరసకైనా ఒక్కరూ అనలేదు. వాళ్లకు లోటయ్యేది కదిరమ్మ రెండు చేతులు. ఆ చేతుల వెనక మనిషి ఉందో లేదో ఎవరికి కావాలి?

అదే గార్మెంట్సులో చేస్తూ తనకూ పని ఇప్పించిన ఊరిపిల్ల ఈశ్వరి ముందే చెప్పింది. "మొదటి నెల ఇల్లు గుర్తొచ్చి గుక్కపట్టి ఏడుస్తావక్కా" అని. ఏం గుర్తొస్తుందా అని కాయలు వలుస్తూ కదిరమ్మ వెతుక్కుంది. బోరింగా? కొట్టీ కొట్టీ రెక్కలు పడిపోయాయి. అందరికీ పెట్టాక కుండ అడుగున గీరుకుని తిన్న మాడు సంగటా? "తిన్నావా" అని ఒక్కపూటైనా ఎవరూ అడగని ఆ వంటిల్లా? ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేండ్లు బతికిన ఇంట్లో, తలుచుకుని ఏడవడానికి కూడా ఒక్కటి మిగల్చలేదు కదా పాపిష్టివాళ్లు!

అప్పుడు కూతురు సరళ వచ్చి, జడ వేయమని వీపు తిప్పి కూర్చుంది. ఆరో తరగతి పిల్ల. తలలో నూనె వాసన, సుద్దముక్క వాసన. మూడు పాయలు తీస్తుంటే కదిరమ్మకు వెతికింది దొరికింది. ఇదొక్కటే. రేపటినుంచి పొద్దున్నే ఈ జడ ఉండదు.

"పిల్లను కూడా తెచ్చుకోక్కా. నా రూములో చోటుండాది, పక్క వీధిలోనే తెలుగు బడి" అని ఈశ్వరి చెప్పకపోలేదు. ఆ మాట ఇంట్లో అంటే ఓబుళేసు ఇంతెత్తున లేచాడు. "ఈడ బడి లేదా? సూసుకునేకి మేం లేమా? దాని బడి మాన్పించంలే, పో!" కదిరమ్మ నమ్మింది.

తెల్లవారింది. కుప్పలో ఇంకా పావువంతు కాయలు మిగిలే ఉన్నాయి. రోడ్డు దాకా ఎవరూ రాలేదు. "బిరీన పో, బస్సు పోతాది" అంది బయమ్మ మంచం మీదినుంచే. సరళ మాత్రం గడపలో నిలబడి చెయ్యి ఊపింది.

ఊరికొచ్చి అదే బస్సుకు తిరిగి పోతున్న ఈశ్వరి రోడ్డు మీద ఎదురుచూస్తోంది. "ఫోటోలు తెచ్చినావా అక్కా?" అనేసరికి కదిరమ్మ నెత్తి కొట్టుకుంది. ఫ్యాక్టరీలో ఇవ్వాల్సిన ఫోటోలు గూట్లోనే మరిచింది. బస్సు ఇంకా రాలేదు. సంచి ఈశ్వరికి అప్పజెప్పి వెనక్కి పరుగెత్తింది.

వాకిట్లో అడుగుపెడితే దుమ్ము. సరళ నడుము వంచి ఇల్లు చిమ్ముతోంది. విరబోసుకున్న జుట్టు మొహాన పడుతోంది. పుస్తకాల సంచి కొయ్యకు వేలాడుతోంది. మూలన మిగిలిన కాయలకు అప్పుడే నీళ్లు చిలకరించి, పక్కన పీట వేసి ఉంది.

"అమ్మా, ఇంగ బడికి పోవద్దంట" అంది పిల్ల.

"ఆడపిల్ల ఇంట్లో ఉండంగా నేను చిమ్మాల్నా? విత్తనం ఎవరు వలుస్తారు?" అంది బయమ్మ.

"బడి మాన్పిస్తే ఏమైతాది మే? అది చదివి కలెక్టరు కావల్లనా?" అన్నాడు అరుగు మీదినుంచి ఓబుళేసు.

"ఈ పొద్దు పొరక ముట్టగూడదు గదత్తా?"

"అది మగోడు పోయినప్పుడు!"

కదిరమ్మకు ఏడుపు రాలేదు. కూతురి చేతిలోని పొరక తీసుకుంది. కోడలు చిమ్ముతుందనుకుని బయమ్మ, అలవాటు కొద్దీ, కాళ్లు ముడుచుకుని పక్కకు కూడా జరిగింది. కదిరమ్మ నేరుగా అరుగు దగ్గరికి పోయి, ఆ పొరక మొగుడి ఒళ్లో పెట్టింది. గూట్లో ఫోటోలు తీసుకుంది. కొయ్యకున్న పుస్తకాల సంచి కూతురి భుజానికి తగిలించింది.

"పా. జడ బస్సులో వేస్తా."

"ఏమ్మే! పిల్లను యాడికి పిలుచుకపోతాండావు? తిరిగొచ్చేదెప్పుడు?" ఓబుళేసు అరిచాడు.

కదిరమ్మ గడప దాటి, అత్త వైపు తిరిగింది.

"మనిషి పోతానే చిమ్మితే తిరిగి రారని నువ్వే చెప్తివి గదత్తా. చిమ్మించినావు. ఇంగ రాము."