నాలుక పైకెత్తు

వదిన నోరు తెరిచి నిలబడింది. నర్సమ్మ చేతిలో బిళ్ళ లేదు.

ఉదయం ఏడు గంటలు. మా నూలుమిల్లు గేటు పక్కన, సైకిళ్ళ షెడ్డుకి ఆనుకుని ఒంటిగది క్లినిక్కు ఉంది. దాని ముందు తొంభైమంది వరుసలో ఉన్నారు. కొందరు షిఫ్టు దిగినవాళ్ళు, కొందరు ఎక్కబోయేవాళ్ళు. అందరికీ ఒకటే జబ్బు, క్షయ. దూది ధూళి పీల్చి పీల్చి మెత్తబడిన ఊపిరితిత్తుల్లో అది హాయిగా కాపురం పెడుతుంది.

రోజూ ఒకటే పద్ధతి. నర్సమ్మ అరచేతిలో బిళ్ళలు పెడుతుంది. ఆమె కళ్ళముందే మింగాలి. తరవాత "నోరు తెరువు, నాలుక పైకెత్తు" అంటుంది. నాలుక కింద ఏమీ దాచలేదని చూసుకున్నాకే ఇంకొకరిని పిలుస్తుంది. మా వదినకి అంత ఓపిక ఎక్కడిది? బిళ్ళ ఇవ్వకముందే నోరు తెరిచేది. "ముందు మింగవమ్మా తల్లీ, తరవాత చూపిద్దువుగాని" అని నర్సమ్మ నవ్వేది.

ఆ రోజు నవ్వలేదు. "డబ్బాలు రాలేదు. ఇక రావట" అంది.

"ఎవరాపారు?" అన్నాను. నేను వదినని దిగబెట్టడానికి వెళ్ళాను.

నర్సమ్మ ఆకాశం వైపు చెయ్యి చూపించింది. ఆ డబ్బాల మీద బోలెడన్ని జెండాలుండేవి. దేశాలన్నీ చందాలేసుకుని ఒక నిధి పెట్టాయి. లోకంలో ఎక్కడ క్షయ ఉన్నా, మలేరియా ఉన్నా ఆ నిధి నుంచే మందు వెళ్ళేది. ఆ ఏడాది పెద్ద దేశాలు చెయ్యి వెనక్కి తీసుకున్నాయట. తుపాకులు కొనుక్కునే తొందరలో ఉన్నాయట. వాళ్ళిస్తే మేమూ ఇచ్చేవాళ్ళం అంది మా ప్రభుత్వం. అసలు దూదికీ దగ్గుకీ సంబంధమే లేదన్నాడు మిల్లు యజమాని. ముగ్గురూ ముగ్గురే. శుభ్రంగా చేతులు దులుపుకున్నారు.

వదిన ఇంకా నోరు మూయలేదు. అలాగే నా వైపు తిరిగి చూసింది.

మా మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. దానికోసం మేం నలభై రోజులు గేటు ముందు కూర్చున్నాం. మూడేళ్ళ కింద యజమాని సగం మరలు ఆపేసి, సగంమందిని పొమ్మన్నాడు. ఎవరూ పోరు, ఉన్న పని అందరం పంచుకుంటాం అన్నాం. గెలిచాం. అప్పట్నుంచి ఏది తక్కువైనా మాది ఒకటే తీర్పు. షిఫ్టులు తగ్గినా, నీళ్ళ ట్యాంకరు సగమే వచ్చినా, తలా ఇంత. ఒకరికి నిండుగా, ఒకరికి సున్నా అనే మాట మా గేటు లోపల చెల్లదు. మా గర్వమంతా అదే.

ఆ యూనియన్‌కి కార్యదర్శిని నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తరవాత దాక్కోవడానికి నాకు చోటుండకూడదు.

సాయంత్రం నర్సమ్మ యూనియన్ గదికి వచ్చింది. బల్లమీద ఒక కాగితం పెట్టింది.

"బీరువాలో ఉన్నవి ముప్ఫైమందికి చివరిదాకా సరిపోతాయి. మందు సగం దాటినవాళ్ళ పేర్లు రాశాను. వీళ్ళన్నా బతికి బయటపడతారు."

వదిన పేరు అందులో ఉంది. ఇంకో మూడు నెలలు మింగితే ఆమెకి నయమైపోతుంది.

గది భగ్గుమంది. బాయిలరు మామ లేచాడు. బాయిలరు దగ్గరే జుట్టు నెరిసిన మనిషి, అందరికీ మామే. అతను మందు మొదలుపెట్టి వారం కూడా కాలేదు. "మిగతా అరవైమందీ ఏం కావాలి?"

"నాకు మాత్రం ఇష్టమా మామా?"

"మేనేజరు కూడా ఇలాంటి కాగితమే తెచ్చాడు. ఉండేవాళ్ళు ఇటు, పోయేవాళ్ళు అటు."

"అది పని, ఇది మందు! సగం మింగితే సగం నయం కాదు. అలా మింగితే జబ్బు మొండికేస్తుందని మాకు ట్రైనింగులో చెప్పారు."

"మాకంటే మొండిదా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జీతం కోసం వచ్చే మనిషికి మా సంగతులేం తెలుస్తాయి అనుకున్నాను. నిజానికి ఆ నెల నుంచి ఆమెకి జీతం కూడా లేదు.

నేనే లేచి తీర్మానం పెట్టాను. ఉన్న మందు తొంభైమందికీ పంచాలి. వంతులేసుకుని మూడు రోజులకొకసారి మింగాలి. మనలో మనకి జాబితాలు పెట్టడం వాళ్ళ ఎత్తు, ఆ ఎత్తు పారనివ్వం అన్నాను. చాలా బాగా మాట్లాడాను. ఎంత బాగా మాట్లాడానో తలుచుకుంటే ఇప్పటికీ నాలుక తెగ్గోసుకోవాలనిపిస్తుంది.

మొదట చెయ్యెత్తింది వదిన.

ఇంటికెళ్ళేటప్పుడు అడిగాను. "నీ పేరు కాగితంలో ఉంది కదా, ఎందుకెత్తావు?"

"నువ్వు మాట్లాడుతుంటే మీ అన్న లేచి మాట్లాడినట్టే అనిపించింది" అంది. అన్న ఈ జబ్బుతోనే పోయాడు, ఈ క్లినిక్కు రాకముందు. కాస్త దూరం నడిచాక మళ్ళీ తనే, "ఎత్తకపోతే ఇంటికొచ్చాక సాధించవూ? ఆడపడుచు పెత్తనం అసలే" అని నవ్వింది.

మొదట్లో అంతా బాగానే ఉంది. నర్సమ్మ జీతం లేకుండానే వచ్చి వంతుల ప్రకారం మింగించేది. పక్క మిల్లులవాళ్ళకి గొప్పగా చెప్పుకున్నాం. మూడో నెలకి వదిన దగ్గు తిరగబెట్టింది. తరవాత బాయిలరు మామకి నెత్తురు పడింది. మొదలుపెట్టిన నెలలో ఒళ్ళు చేసినవాళ్ళందరూ ఒకరి తరవాత ఒకరు వాడిపోయారు. వరుసలో లేనివాళ్ళు కూడా, పిల్లలతో సహా, దగ్గడం మొదలుపెట్టారు.

మెడికల్ కాలేజీలో చదివే కళ్ళద్దాల పిల్ల ఒకతె సర్వే కోసం వచ్చింది. అందరి కఫం డబ్బీల్లో పట్టుకుని పట్నం తీసుకెళ్ళింది. తిరిగొచ్చి యూనియన్ గదిలో కుర్చీ వేసినా కూర్చోలేదు.

"పంచుకోమని ఎవరు చెప్పారు?"

ఎవరూ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

"అరకొర మందుకి క్రిమి చావలేదు. దానికి అలవాటు పడిపోయింది. ఇప్పుడు అవే బిళ్ళలు లారీలకొద్దీ వచ్చినా మీకు పనిచెయ్యవు. ఇంకో మందుంది, చాలా ఖరీదు. అదీ ఆ నిధి నుంచే రావాలి." చెప్తూ చెప్తూ ఆ పిల్ల ఏడ్చేసింది. "మిమ్మల్ననడం కాదు. ముప్ఫైమందన్నా మిగిలేవాళ్ళు కదా."

"కార్యదర్శిగారి తీర్మానం" అని ఒకడు ఉమ్మేసినట్టు అన్నాడు. అతని పెళ్ళాం పేరు ఆ కాగితంలో ఉంది.

"తీర్మానం ఆమెదైతే చెయ్యి నాది కాదూ?" అన్నాడు బాయిలరు మామ. ఆ మాటకి దగ్గొచ్చి మరి మాట్లాడలేకపోయాడు.

నేను రాజీనామా చేస్తానన్నాను. వదిన గోడకి చేరగిలబడి ఉంది. ముఖానికి కట్టుకున్న గుడ్డలోంచే మాట్లాడింది.

"నువ్వు తప్పుకుంటే నా ఊపిరితిత్తులు తిరిగొస్తాయా? కూర్చో. పంచుకోవడంలో తప్పు లేదే పిల్లా. అప్పుడు నలభై రోజులు గేటు ముందు కూర్చుని యజమాని మెడ వంచాం. ఆ తరవాతే కదా పని పంచుకున్నది! మందు ఆగిపోయినప్పుడు ఎక్కడ కూర్చున్నాం? ఎవడి మెడ వంచాం? పడేసిన ముక్కని బుద్ధిగా కోసుకుని తిన్నాం. మందు ఆపినవాడికి మన చప్పుడు కూడా వినపడలేదు."

అంత సూటిగా నాకు ఎప్పుడూ మాట్లాడటం రాలేదు.

అదే వారం ఆరోగ్యశాఖ పెద్ద ఆఫీసరు చేతిలో ఒక పోస్టరు పట్టుకుని వచ్చాడు. పోస్టరు మీద మా వదిన! మందు మొదలుపెట్టిన మూడో నెలలో, బుగ్గలొచ్చిన కొత్తలో తీసిన ఫొటో. కింద "ఈమె గెలిచింది" అని అచ్చువేశారు. దూరదేశంలో నిధికోసం మహాసభ జరగబోతోంది. దేశాల ప్రతినిధులు ముందుగా ఊళ్ళు తిరిగి చూస్తున్నారు. ఇక్కడికీ వస్తారు, సినిమా తీస్తారు. నయమైనవాళ్ళని చూపిస్తేనే డబ్బిస్తారట, చచ్చేవాళ్ళని చూపిస్తే మొహం తిప్పేసుకుంటారట.

"ఈమె ఎక్కడ?" అని ఆఫీసరు వదిననే అడిగాడు.

"ఇక్కడే. సగం ముందే పోయింది" అంది వదిన.

అతను పోస్టరు చూసి, ఆమెని చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. "మీ పోలికలున్న అక్కచెల్లెళ్ళెవరైనా ఉన్నారామ్మా, కాస్త ఒళ్ళున్నవాళ్ళు?" అన్నాడు. మా కుర్రాళ్ళు అతన్ని కొట్టకుండా ఆపడం ఆ రోజు నా పనైంది.

ఏం చెయ్యాలని రెండు రోజులు వాదించుకున్నాం. ప్రతినిధులకి వేసే టెంటులోకి దూసుకెళ్ళి వాళ్ళ మొహం మీద దగ్గాలన్నారు కుర్రాళ్ళు. వదిన ఒప్పుకోలేదు. "అంటించడానికైతే నేను రాను. వాళ్ళల్లో కూడా ఎవరో ఒకరి ఇంటికి వంటచేసే మనిషుంటుంది, పిల్లలుంటారు." కళ్ళద్దాల పిల్ల మైదానంలో ముగ్గు గీసి చూపించింది. గాలి ఎటు వీస్తే ప్రతినిధులు అటు ఉండకూడదు, మధ్యలో ముప్ఫై అడుగులుండాలి. తొంభైమందిలో అప్పటికి డెబ్భైఒక్కమందిమే ఉన్నాం అన్నాను. "ఉన్నారు అను, నీకింకా రాలేదు" అని వదిన దిద్దింది.

ప్రతినిధులు వచ్చారు. టెంటు, పూలదండలు, కెమెరాలు, పోలీసులు. మిల్లు కూత కూయగానే లోపల మరలు ఆగిపోయాయి. జబ్బు లేని ఎనిమిదొందలమంది బయటికొచ్చి పోలీసులకీ మాకూ మధ్య గోడలా నిలబడ్డారు. వాళ్ళ ముందునుంచి డెబ్భైఒక్కమంది నడిచివెళ్ళి, ఎప్పటిలాగే క్లినిక్కు ముందు వరుస కట్టారు. నడవలేని వదినని నూలు బాబిన్లు మోసే తోపుడుబండిలో కూర్చోబెట్టి నేనే తోసుకెళ్ళాను. వరుస చివర నర్సమ్మ, ఖాళీ పళ్ళెం పట్టుకుని.

ఒక్కొక్కరి ముందూ ఆగి, ఖాళీ చెయ్యి వాళ్ళ అరచేతిలో పెట్టింది. వాళ్ళు గుడ్డ తీసి, లేని బిళ్ళని మింగారు.

"నోరు తెరువు. నాలుక పైకెత్తు."

డెబ్భైఒక్క నోళ్ళు టెంటు వైపు తెరుచుకున్నాయి. కెమెరా తిప్పేవాడు తిప్పడం ఆపేశాడు. "ఇది... ఇది ఇక్కడి వ్యాయామం" అని ఆఫీసరు వాళ్ళకి చెప్తున్నాడు. నేను వదిన బండి మీద పోస్టరు నిలబెట్టాను. ఒక ప్రతినిధి ఆ బొమ్మనీ ఈ మనిషినీ చూసి మొహం కప్పుకుని ఏడ్చింది. ఏడ్చి కారెక్కింది.

నిజం చెప్తున్నాను, ఆ రోజు గెలిచాం అనుకున్నాను.

మహాసభ కబురు బాయిలరు గదిలో రేడియోలో విన్నాం. అప్పటికి మామ లేడు, రేడియో ఉంది. ప్రపంచం నుంచి ఈ జబ్బుల్ని తరిమేస్తామని దేశాలన్నీ ప్రమాణం చేశాయట. ఇచ్చింది మాత్రం కిందటిసారి కంటే తక్కువ. ఆ మాట తరవాత చాలాసేపు చప్పట్లు వినపడ్డాయి. ఎందుకు కొట్టారో నాకిప్పటికీ అర్థం కాలేదు. నేను ఇంటికొచ్చి వదినకి అబద్ధం చెప్పబోయాను. నా మొహం చూసే ఆమెకి తెలిసిపోయింది.

"సరే. రేపు వరుస మాత్రం ఆపకండి" అంది. మూడో రోజు మధ్యాహ్నం, నేను నీళ్ళు పట్టుకొచ్చేలోపు పోయింది. నా తీర్మానమే ఆమెని చంపింది. ఆ మందు ఆపినవాళ్ళూ చంపారు. రెండూ నిజమే, ఒకదానితో ఒకటి చెల్లుకాదు.

రోగుల్ని బయట వరుస కట్టించి జబ్బు వ్యాపింపజేశానని నామీద కేసు పెట్టారు. ఉదయం ఏడు గంటలకి పోలీసు వ్యాను వచ్చింది. తాళం వేసిన క్లినిక్కు ముందు వరుస ఉంది. ఇటుక బట్టీల వాళ్ళు, తోళ్ళ కార్ఖానా వాళ్ళు కూడా వచ్చి కలిశారు. నర్సమ్మ నావైపు చూసింది, కానీ వరుస వదిలి రాలేదు. నాకప్పటికి దగ్గు మొదలైంది.

జైలు డాక్టరుకి మొదటిరోజే చెప్పాను. మా ఇంట్లో మనిషి మొండి క్షయతో పోయింది, నాకు దగ్గుంది, పరీక్ష చెయ్యండి, అందాకా విడిగా పెట్టండి అన్నాను.

"పరీక్ష సామాను లేదమ్మా. అది ఆ నిధి నుంచే వచ్చేది" అన్నాడు. నలభైమంది ఆడవాళ్ళున్న గదిలో పడేసి తాళం వేశారు.

ముఖానికి గుడ్డ కట్టుకుని కిటికీ కింద కూర్చున్నాను. ఎందుకలా కూర్చున్నావని అడిగారు. చెప్పాను. నా తప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పాను. అందరూ దూరం జరగబోయారు, జరగడానికి చోటు లేదు. ఒక పెద్దావిడ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి అడిగింది.

"అయితే మేమేం చెయ్యాలి? కిటికీ దగ్గర వంతులేసుకుని ఊపిరి పీల్చుకోవాలా?"

"వద్దు. వంతులొద్దు" అన్నాను.

మర్నాడు ఉదయం వార్డరు వచ్చి లెక్కకోసం అందరినీ వరండాలోకి పిలిచింది. లెక్కయ్యాక లోపలికి పొమ్మంటే ఎవరూ కదల్లేదు. నలభైమందీ గోడవారగా వరుస కట్టి ఉన్నారు. అందరికంటే ముందు నన్ను తిట్టిన పెద్దావిడ నిలబడి ఉంది. వార్డరు కర్ర ఎత్తింది. పెద్దావిడ ఆమె కళ్ళలోకి చూస్తూ నోరు తెరిచి, నాలుక పైకెత్తింది.