సొట్టతో సహా

"బస్సు ఫ్రీ అయిపాయె కదమ్మే, ఇంక నీకు నోటెందుకు?" అన్నాడు ఫ్రాన్సిస్, రెండో దోసె తుంచుతూ.

లూదియా అడిగింది ఒక్క ఐదు వందల నోటు, అదీ ఒక్క పూటకు. ఆళ్లగడ్డలో ఆమె పనిచేసే ప్రైవేటు బడిలో ఆ రోజు ఎనిమిదో తరగతికి బంగారం, వెండి, కాగితం డబ్బు గురించి పాఠం. నోటును వెలుతురులో పెట్టి పిల్లలకు చూపించాలనుకుంది. ఆమె జీతం బ్యాంకులో పడుతుంది, కార్డు మొగుడి జేబులో ఉంటుంది. ఇదివరకు నంద్యాల నుంచి రానూపోనూ ఛార్జీకని పొద్దున్నే లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. ఆడవాళ్లకు టిక్కెట్టు లేకుండా చేశాక ఆ మహానుభావుడు అదీ మానేశాడు. ఇప్పుడామె హ్యాండ్‌బ్యాగులో సున్నా టిక్కెట్లు, ఒక ఎర్రపెన్ను, దువ్వెన ఉంటాయి.

"నోటెందుకు, గాజు తీసుకపో. బంగారం గురించే కదా చెప్పేది. అమ్మా, ఇందా తాళంచెవి, బీరువాలో డబ్బాలోంచి గాజొకటి తీసీ."

అత్త రెబెకా ముఖం చిట్లించింది. "దేవునికని తీసేసినవి. మళ్లా బయటికెందుకప్పా?"

"చూపిచ్చి తెస్తాది లే."

ఆ నాలుగు గాజులూ లూదియా తల్లి ఎస్తేరువి. దొర్నిపాడులో నర్సుగా చేస్తూ చీటీలు కట్టి చేయించుకుంది. గట్టి గాజులు, ఒక్కోటి తులం. పోయే ముందు కూతురి చేతికి తానే తొడిగి, "ఇవి నీవి మ్మే. నీకేం జేయాలనిపిస్తే అది జెయ్. ఎవుర్నీ అడగాకు" అంది. తర్వాత లూదియా బాప్తిస్మం తీసుకుంది. వాళ్ల సంఘంలో బాప్తిస్మం పొందినవాళ్లు బంగారం పెట్టుకోరు. ఎవరూ బలవంతం చేయలేదు, నమ్మకంతోనే తీసేసింది. గాజులు అత్త బీరువాలోకి వెళ్లి తొమ్మిదేళ్లయింది. వాటిలో రెండు అమ్మి బీఈడీలో చేరాలని ఏడాదిగా ఆమె మనసులో ఉంది. బీఈడీ లేదని బడిలో సగం జీతమే ఇస్తున్నారు. ఇంట్లో ఆ మాట ఎత్తడానికి ఇంకా నోరు రాలేదు.

గాజు చేతికి తేలిగ్గా తగిలింది. ఇన్నేళ్లు పట్టుకోని చెయ్యి కదా, బరువు మరిచిపోయి ఉంటుందని సర్దిచెప్పుకుంది. బొటనవేలితో తడిమితే సొట్ట దొరికింది. అమ్మ ఆసుపత్రి బోరింగు కొడుతుంటే ఇనుప పిడి తగిలి పడిన సొట్ట అది. అమ్మ చెయ్యి ముట్టుకున్నట్టే అయి కళ్లు చెమర్చాయి.

ఆళ్లగడ్డలో బస్సు దిగి బడికి నడిచే దారిలో శిల్పుల కొట్లు ఉన్నాయి. అమ్మకానికి నిలబెట్టిన రాతి బొమ్మలు వరసగా, అన్నీ ఒకే ముఖంతో, రోడ్డు వైపు చూస్తున్నాయి. ఏడేళ్లుగా వాటి ముందు నుంచే వెళ్తోంది. ఆ రోజెందుకో గబగబా నడిచింది.

నోటు చివరికి బడి ఆయా కొండమ్మ ఇచ్చింది. రవికలోంచి చిన్న సంచి తీసి, "మళ్లా ఇయ్యి మేడం" అంది. పంతులమ్మ దగ్గర లేని నోటు ఆయమ్మ దగ్గరుంది. లూదియాకు సిగ్గేసింది.

నోటును కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఖాళీగా ఉన్నచోట ముఖం తేలింది. పిల్లలు ఓ అన్నారు. "దీనికి బరువు లేదు పిల్లలూ. ఇంత ఇస్తానని ఒకరు ఇచ్చిన మాట దీని మీదుంది. అందరూ ఆ మాట నమ్ముతున్నారు కాబట్టే చెల్లుతోంది. బంగారానికి ఎవరి మాటా అక్కర్లేదు. దాన్ని తూచుకోవచ్చు."

ల్యాబు త్రాసు మీద హరీష్ గాజు పెట్టాడు. "ఐదు గ్రాములు, మీద ఒక పాయింటు."

"సరిగ్గా పెట్టు నాయనా, తులం ఉండాలి."

మళ్లీ పెట్టాడు. అదే అంకె. పూర్ణిమ గాజును దారానికి కట్టి, త్రాసు మీది గ్లాసు నీళ్లలోకి అడుగు తగలకుండా దించింది. అంకె చూసి, గాజు బరువును దానితో బోర్డు మీద భాగించింది.

"నీళ్లకు ఎనిమిదిన్నర రెట్లే వస్తాంది మేడం. బంగారమైతే పదిహేడు దాటల్ల అన్నారు కదా. ఇదేందీ?"

"చేతులు పైసల వాసన వస్తాండాయి మేడం," అన్నాడు హరీష్, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని.

బంగారానికి వాసన ఉండదు. ముప్పై రెండు జతల కళ్లు ఆమె ముఖం మీదున్నాయి.

"రికార్డులో ఏం రాయల్ల మేడం?"

"వచ్చిందే రాయండి," అంది లూదియా. గొంతు ఎవరిదో అనిపించింది.

స్టాఫ్ రూములో ఒంటరిగా కూర్చుని గాజును తిప్పితిప్పి చూసింది. నకిలీ అయినందుకు కాదు ఆమెకు చలి పుట్టింది, ఆ సొట్టకు. ఎవరో అసలు గాజు కంసాలి ముందు పెట్టి, ఇదిగో ఈడ, ఇంత లోతున, అని వేలు పెట్టి చూపించారు. ఎవరో ఏమిటి, ఫ్రాన్సిస్సే. బీరువా తాళంచెవి ఉండేది అతని మొలతాడుకే. పన్నెండేళ్ల కాపురంలో ఈ మనిషి తనను ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చూశాడా? కుక్కరు మూత ఎగిరి గడ్డం చీలినప్పుడు మూడు కుట్లు పడ్డాయి. ఆర్నెల్ల తర్వాత, "ఇదెప్పుడైంది మే?" అని అడిగాడు. అలాంటివాడు చిన్న సొట్టను మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా గుర్తుపెట్టుకున్నాడు. పైగా అంత నమ్మకంగా చేతికిచ్చి పంపాడు. తన పెళ్లాం ఎప్పటికీ దేన్నీ తూచదనుకున్నాడు.

అప్పుడొచ్చిందా ఆలోచన. ఇలాగే తనకూ ఒక నకలు చేయించి ఉంటే? గడ్డం మీద మచ్చతో సహా. అది ఐదింటికి లేచి పిండి రుబ్బుతుంది, అత్త కాళ్లకు నూనె రాస్తుంది, బస్సెక్కి వచ్చి పాఠం చెప్పి జీతం మొగుడికి అప్పగిస్తుంది. ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు. తెలియకపోవడమేమిటి, ఎప్పుడో మార్చేశారేమో, తానే ఆ నకలేమో! లూదియా నిజంగానే భయపడింది. అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇత్తడి వాసన. సబ్బుతో రెండుసార్లు కడిగింది. మూడోసారి వాసన చూస్తే ఉల్లిపాయ, సుద్దముక్క, తన చెమట తెలిశాయి. అప్పటికిగాని ఊపిరి తిరగలేదు.

హెడ్మాస్టరు జకరయ్య గదిలోకి వెళ్లి రెండు కాగితాలు ముందు పెట్టింది. ఒకటి జీతం ఇకపై తాను తెరవబోయే కొత్త అకౌంటులో వేయమని. రెండోది ల్యాబు సామాను ఒకటి ఒక్క రాత్రికి ఇంటికి ఇమ్మని. రెండూ చదివి ఆయన తలెత్తాడు.

"ఫ్రాన్సిస్‌కు చెప్పినావామ్మా?"

"ఇంకా లేదు సార్. చెప్తా."

సాయంత్రం బస్సు శిరివెళ్ల దాటుతుండగా ఫోను మోగింది.

"యాడున్నావ్? గాజు బద్రమే కదా?" అన్నాడు ఫ్రాన్సిస్.

"బద్రంగా ఉంది. పిల్లోళ్లు తూకం వేసినారు. నీళ్లల్లో దించి లెక్క కట్టినారు. రికార్డులో రాసుకున్నారు."

అవతల టీవీ చప్పుడు ఠక్కున ఆగింది. ఎంత వచ్చిందని అతడు అడగలేదు.

"మిగతా మూడూ తీసి బల్ల మీద పెట్టండి," అంది లూదియా, ఒళ్లోని అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుంటూ. "బడి త్రాసు తెస్తాండా."