గీత దాటిన చక్రం

దర్జీకి తన కళ్ళంటే మహా గర్వం. నలభై దాటినా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేది. ఆ కళ్ళే ఆమె బావ ఉద్యోగాన్ని నిలబెట్టాయి. వ్యాను నడిపే బావ కూడలిలో సంగీతం మాస్టారిని గుద్దినప్పుడు, కొట్టు కిటికీలోంచి చూసింది ఆమె ఒక్కతే. "ఎర్రలైటు పడేసరికే వ్యాను ముందు చక్రం ఆగాల్సిన తెల్లగీత దాటేసింది. కళ్ళారా చూశాను" అని కోర్టులో ఒట్టేసి చెప్పింది. తప్పు వ్యానుది కాదని కేసు కొట్టేశారు. మాస్టారికి మాత్రం ఎడమకాలు పోయింది.

ఇవాళ ఆయన ప్యాంటుకే ఎడమవైపు కత్తిరించి అంచు కుడుతుంటే కుట్టుమిషన్ మొరాయించింది. మెకానిక్ వచ్చి బాగుచేసి, సరిగ్గా తిరుగుతోందో లేదో చూడటానికి చక్రం పక్కన చిన్న బల్బు బిగించి, చక్రం మీద సుద్దగీత గీశాడు. ఆ గీత బల్బు దగ్గరికి రాగానే బల్బు ఠక్కున మెరవాలి.

"ఆలస్యంగా మెరుస్తోందయ్యా. గీత దాటిపోయాక వెలుగుతోంది," అంది దర్జీ.

మెకానిక్ చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. గీత బల్బు దగ్గరికి రాగానే సరిగ్గా మెరిసింది. జోరుగా తిప్పితే మళ్ళీ దాటిపోయినట్టే కనబడింది.

"మిషన్ బాగానే ఉందక్కా. నాకూ అలాగే కనిపిస్తుంది. ఠక్కున లైటు వెలిగితే, పరిగెత్తేది ఉన్నచోటు కంటే కాస్త ముందున్నట్టు తోస్తుంది. ఎవరి కన్నైనా అంతే," అని నవ్వాడు.

ఆమె తలతిప్పి చూసింది. కిటికీలోంచి కూడలి కనిపిస్తోంది. ఎర్రలైటు, పరిగెత్తే చక్రాలు, తెల్లగీత. మెకానిక్ ఎప్పుడు వెళ్ళాడో కూడా తెలియలేదు.

సాయంత్రం బావ ఆమెను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. కేసు తేలినప్పటి నుంచి మరదల్ని నెత్తిన పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"బావా, నేను తప్పు చూశాను. ఎరుపు పడేసరికి నువ్వు గీత దాటలేదేమో!" అంది.

అతను తెల్లబోయాడు. "తప్పు చూడటమేంటి? నాకోసం అబద్ధమాడావనుకున్నానే ఇన్నాళ్ళూ!"

"అబద్ధమా?"

"పసుపు పడగానే ఆగాల్సింది. ఆగకుండా తొక్కేశాను. ఎరుపు పడ్డప్పుడు గీత ఇంకా నా ముందే ఉంది. నీకూ తెలుసనుకున్నా."

ఆమెకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తన కళ్ళు తనని మోసం చేశాయని పొద్దుట్నుంచీ కుమిలిపోతుంటే, ఈ పెద్దమనిషి అన్నీ తెలిసి ఇన్నాళ్ళూ హాయిగా తిని పడుకున్నాడు! ఒళ్ళు మండిపోయింది. ప్యాంటు మడతపెట్టి సంచిలో పెట్టుకుని లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు బావ.

"మాస్టారింటికి. ప్యాంటు నేనిస్తాను. మిగతాది నువ్వు చెప్పు, పద."