గాజు చేసినవాడి సంగతి

నర్సింగం మెత్తటి బ్రష్షుతో మూసపెంకు మీది మట్టి దులుపుతున్నాడు. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఎవరో ఆ మూసలో గాజు కరిగించారు. తవ్వకాల్లో దొరికిన పెంకులకు ఇంకా ఆ గాజు అంటుకునే ఉంది. పొద్దున్నుంచీ గొంతులో దగ్గు తిరుగుతోంది. మాస్కు కింద పళ్ళు బిగించి మింగుతున్నాడు.

అది కరోనా రెండో ఏడు. సూరత్‌లో దగ్గినవాడికి పనిలో చోటు లేదు. అతని దగ్గు మాత్రం పాతది, మగ్గాలిచ్చిన బహుమానం. మీసాలు రాకముందే సిరిసిల్ల నుంచి వచ్చి, మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె కన్నంలోంచి దారాన్ని నోటితో పీల్చి పీల్చి, పోగుల దుమ్మంతా రొమ్ములో దాచుకున్నాడు. ఇక మగ్గం నడపలేని రోజుల్లో ఈ ప్రయోగశాల దొరికింది. ఇక్కడ మోత లేదు, మనిషి మెల్లగా మాట్లాడినా వినబడుతుంది. ఓపికున్నన్నాళ్ళూ ఇక్కడే ఉండాలని ఆశ. అందుకే దగ్గు సంగతి భార్య బాలవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

పక్క బల్ల దగ్గర పరిశోధకురాలు పద్మారాణి యంత్రం తెర చూస్తోంది. వరంగల్ పిల్ల.

"గిండ్ల ఏం తెలుస్తది మేడం?"

"ఏ ఇసుక, ఏ బూడిద కలిపిన్రు, ఎంత వేడిల కరగబెట్టిన్రు, అన్నీ తెలుస్తయి."

"చేసినోడు ఏం రోగమొచ్చి సచ్చిండో?"

ఆమె నవ్వింది. "అది గాజు చెప్పదు నర్సన్నా."

నర్సింగానికి అన్యాయమనిపించింది. బూడిద జాతకం చెప్పే యంత్రానికి మనిషి జాడ తెలియకపోవడమేమిటి!

పెంకు మీద మసక పొర. కింద రంగేమిటో చూడాలనిపించింది. దారం కొస ఎంగిలితో తడుపుకున్న అలవాటు ఊరికే పోతుందా? కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మాస్కు దించి నాలుక కొస ఆనించాడు. నీలం.

"అయ్యో, ఏం పనన్నా ఇది! ఎంగిలిల ఉప్పుంటది, లెక్కలన్నీ తప్పుతయి!" పద్మారాణి లేచి నిలబడింది.

జవాబు చెప్పబోయి నోరు తెరిచాడు. ఆపుకున్న దగ్గంతా ఒక్కసారిగా బయటపడింది. గదిలో వాళ్ళు గోడలకు అతుక్కుపోయారు.

"పాత దగ్గే మేడం, మగ్గం దగ్గు," అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఒళ్ళు కాలుతున్న సంగతి తెలుసు గనక తానూ నమ్మలేదు.

గడప దాటాక వెనక్కి తిరిగాడు. "అద్దాలు లోపటున్నయి. జర ఇస్తరా?"

"రేపు తీసుకోండి. ముందు ఇంటికి పోండి," అంది పద్మారాణి లోపలి నుంచే.

వారం తిరక్కుండానే అమ్రోలిలోని ఇంటి నుంచి బాలవ్వ ఫోన్ చేసింది. ఏ దవాఖానాలోనూ మంచం దొరకలేదట.

"గాలి అందక పోయిండు మేడం. మీరు పనికి పిలుస్తరేమోనని ఫోను చేతిలనే పట్టుకున్నడు."

పద్మారాణికి దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే అతని బల్ల దగ్గరికి వెళ్ళింది. కళ్ళద్దాలను ఎవరూ ముట్టుకోలేదు. ఎడమ కాడ విరిగిన చోట తెల్లదారం బిగువుగా చుట్టి ఉంది, ముడి ఎక్కడుందో కనబడదు.