నీడలో లెక్కపెట్టిన పోగులు

నేను ఒక ఇత్తడి చట్రంలో ఇరుక్కున్న గాజుబిళ్ళను. నేతగుడ్డలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టడానికి పుట్టాను. మడిస్తే అగ్గిపెట్టెంత ఉంటాను. విప్పి గుడ్డ మీద నిలబెడితే కింద అంగుళం చదరపు కిటికీ, పైన నేను. కన్ను నాకు ఆనించి చూడాలి. దూరం నుంచి చూసేవాళ్ళకు నేను పనికిరాను, వాళ్ళూ నాకు పనికిరారు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఎక్కడో ఉత్తరాదిన, అంబాలాలో ఎవరో నన్ను సానపట్టారు. రైలెక్కి, గోనెసంచిలో దొర్లి, చీరాల అవతల ఒక నేతగాళ్ళ ఊరి సొసైటీకి చేరాను. అక్కడ గుడ్డలు తనిఖీ చేసే గుర్నాథం గారి జేబులో పదిహేనేళ్ళు కాపురం చేశాను. మంచివాడే. కాకపోతే ముందు నేతగాడి మొహం చూసేవాడు, తర్వాత గుడ్డను చూసేవాడు. మొహం చూశాక నాతో పెద్దగా పనిపడేది కాదు. పొడుం డబ్బీ పక్కన పడుకుని ఆయన తుమ్ములు భరించడమే నా ఉద్యోగం.

ఒకరోజు వీరభద్రయ్య అనే నేతగాడు చీర తెచ్చాడు. వెంట తొమ్మిదేళ్ళ కూతురు సుభాషిణి. చామనచాయ తల్లిదండ్రులకు పుట్టిన ఆ పిల్ల జుట్టు జనపనార రంగు, కనురెప్పలు కూడా తెలుపే. వీధిలో కొందరు "దొరసాని" అని వెక్కిరించేవాళ్ళు. కొందరు అంటుకుంటుందని తమ పిల్లల్ని పక్కకు లాక్కునేవాళ్ళు. కడుపుతో ఉండి గ్రహణంలో తిరిగావంటూ తల్లి తులశమ్మను అత్తగారు సాధించని రోజు లేదు. ఆ పిల్ల బల్ల మీద చీరపై విప్పి నిలబెట్టి ఉన్న నన్ను చూసి, ఏకంగా ముక్కు ఆనించేసింది.

"నాన్నా! పోగులు! ఒక్కొక్కటీ కనపడతన్నయ్!"

ఆ కేకకు నా ఇత్తడి ఒళ్ళు కూడా ఝల్లుమంది. గుర్నాథం గారు నవ్వి, "ఉంచుకోవే తల్లీ, నాకెటూ కళ్ళజోడుంది" అని నన్ను ఆ పిల్ల చేతిలో పెట్టేశాడు. సొసైటీ వస్తువును అలా దానం చేయవచ్చునా అని అడక్కండి. తర్వాత పన్నెండేళ్ళు ఆయన నేను లేకుండానే తనిఖీ చేశాడు, ఎవరికీ తేడా తెలియలేదు.

ఆ ఏడే కళ్ళ శిబిరానికి వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి నన్ను కూడా పట్టుకునే వెళ్ళింది సుభాషిణి. "దీన్ని ఆల్బినిజం అంటారమ్మా," అందావిడ తులశమ్మతో. "ఒంటికీ జుట్టుకీ కంటికీ రంగునిచ్చే పదార్థం సరిగా తయారవదు. మీ ఇద్దరిలోనూ బయటపడకుండా ఉన్న లక్షణం ఈ పిల్లలో కలిసింది. గ్రహణం కాదు, శాపం కాదు, అంటురోగం అసలే కాదు. చూపు పూర్తిగా సరిచేసే కళ్ళద్దాలు లేవు, కానీ దగ్గరగా పెట్టుకుని శుభ్రంగా చదువుకుంటుంది. టోపీ, నల్లద్దాలు, నిండు చేతుల చొక్కా లేకుండా ఎండలోకి పంపకు."

తులశమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. తొమ్మిదేళ్ళు మోసిన నింద దిగిపోతే ఏడుపు రాదా మరి.

సుభాషిణి నన్ను పుస్తకం మీద జరుపుకుంటూ జరుపుకుంటూ డిగ్రీ దాకా చదివేసింది. గుర్నాథం గారు రిటైరయ్యాక ఆ తనిఖీ ఉద్యోగానికి అర్జీ పెట్టింది. ఇంట్లో రభస. వీరభద్రయ్యకు కూతురంటే ప్రాణం, అందుకే భయం.

"నలుగుర్లో నవ్వులపాలవుతావే అమ్మా. నేనున్నాగా, కూర్చోబెట్టి తిండి పెడతా."

"ఎన్నాళ్ళు కూర్చోను నాన్నా?" అంది సుభాషిణి.

సొసైటీ వాళ్ళు పరీక్ష పెడతామన్నారు. నెగ్గితే తనిఖీ బల్ల వెనక కుర్చీ. ఓడితే జన్మంతా ఇంట్లో ఓ మూల. ఆ సంగతి నాకూ సుభాషిణికీ తెలుసు.

ఆ ఊళ్ళో గుడ్డను ఎండలోనే చూస్తారు. తాతలనాటి పద్ధతి. వెదురు గడ మీద చీర పరిచి, పదడుగులు వెనక్కి నడిచి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని "బాగుంది" అంటారు. పోగులు లెక్కపెట్టాల్సిన పనికి ఇదేం పద్ధతో నాకైతే అర్థం కాలేదు. పరీక్షా అలాగే పెట్టారు. మిట్టమధ్యాహ్నం, సున్నం కొట్టిన గోడల మధ్య, సొసైటీ వాకిట్లో మూడు చీరలు వేలాడదీశారు. ఎవరు నేశారో చెప్పలేదు. నేతగాళ్ళంతా, సొసైటీ ప్రెసిడెంటు గారూ చేరారు. టోపీ ఉన్నా, నల్లద్దాలున్నా ఆ వెలుతురుకు సుభాషిణి కళ్ళు మూసుకుపోయి నీళ్ళు కారాయి. "అయ్యో పాపం" అన్నారు జనం. ఛీ, ఆ జాలి వింటుంటే నాకు ఒళ్ళు మండింది.

"పోదాం రా అమ్మా," అన్నాడు వీరభద్రయ్య.

నన్ను పట్టుకున్న సుభాషిణి వేళ్ళు బిగిశాయి. "ప్రెసిడెంటు గారూ, పోగులు లెక్కబెట్టడానికి ఎండెందుకండీ? చీరలు లోపలికి తెప్పించండి. నాకు నీడ కావాలి." ఆ గొంతులో బతిమాలడం లేదు.

తెప్పించారు. కిటికీకి వీపు పెట్టి కూర్చుని, గుడ్డ మీద నన్ను నిలబెట్టి, తల ఓరగా వంచింది.

"ఆ మెడ వంకరేంది, పొగరు కాకపోతే?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"పొగరు కాదు బాబాయ్. నా కళ్ళు ఊగుతుంటయ్. తల ఇట్టా వంచితే నిలకడగా ఉంటయ్," అని మళ్ళీ పనిలో పడింది.

జానెడు జానెడు జరుపుతూ గంటసేపు చూసింది. మొదటి చీర బాగుంది. రెండోదీ బాగుంది. మూడో చీర నడిమధ్యన ఆగింది. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. అంచు దగ్గర తెగిన పోగును ముడేసిన తీరును వేలితో తడిమి చూసింది. ఆ ముడి తన తండ్రిది. పుట్టినప్పటి నుంచీ ఆ మగ్గం పక్కనే పెరిగిన పిల్లకు తెలియకపోవడమేమిటి! తల ఎత్తి ఒక్కసారి అందరి వైపూ చూసింది.

"అడ్డం పడే పేక పోగులు అంగుళానికి అరవై నాలుగుండాలండీ. ఈ మూరెడు మేరా యాభై ఎనిమిదే ఉన్నయ్. నేసినాయన చెయ్యి ఆరోజు బలంగా పడలా, పోగులు దగ్గరికి చేరలా. ఈ చీర నేను పాస్ చెయ్యను."

ప్రెసిడెంటు గారు గతుక్కుమన్నారు. పొద్దున ఎండలో చూసి ఆ చీర బ్రహ్మాండమన్నది ఆయనే. నన్ను లాక్కుని, వంగి, తానే లెక్కపెట్టారు. యాభై ఎనిమిదే.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ వీరభద్రయ్య ముందుకొచ్చాడు. "ఆ చీర నాదేనయ్యా! జొరంతో నేశా ఆ మూరెడు. మా ఇంటామెక్కూడా చెప్పలా. పట్టేసింది, చూశారా!" తప్పు దొరికిన నేతగాడు అంత సంబరపడటం నేనెక్కడా చూడలేదు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, తనిఖీ బల్ల ముందు ఏ నేతగాడైనా నిలబడేటట్టే, కన్నకూతురి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకో చీర నేసి తెస్తానండీ," అన్నాడు.

"తే నాన్నా," అంది సుభాషిణి. "అదీ లెక్కబెట్టే తీసుకుంటా."