నలభై సెకన్ల జనం

మా అక్క మొగుడు ఒక హార్డ్ రాక్ బ్యాండుకి నాయకుడు, పాటగాడు. ఎవరూ అడగకపోయినా ఆ సంగతి ఆయనే చెప్పుకుంటాడు. "నేనూ, నా జనం" అనకుండా బావ నోట ఒక్క మాట రాదు. ఆ జనం ఎక్కడున్నారో నాకు తెలుసు. నా లాప్‌టాప్‌లో ఉన్నారు.

నేను సౌండు చూస్తాను. హాలు చివర మిక్సర్ ముందు నా చోటు. ఒకప్పుడు ఫుట్‌బాల్ మైదానంలో వీళ్లు పాడితే పాతికవేల మంది గొంతు చించుకున్నారు. అది అబద్ధం కాదు. కేబుళ్లు మోస్తూ నేనూ అక్కడే ఉన్నాను, నా ఒళ్లూ గగుర్పొడిచింది. ఆ కేకల్ని రికార్డు చేసి పెట్టుకున్నాం. తర్వాత మైదానాలు పోయి హాళ్లు వచ్చాయి, హాళ్లలో కుర్చీలు ఖాళీ అయ్యాయి. బావ మాత్రం పొట్ట వచ్చాక కూడా చొక్కా గుండీలు విప్పడం మానలేదు. తొమ్మిదేళ్లుగా ప్రతి పాట చివరా నేనొక బటన్ నొక్కుతున్నాను. పన్నెండు సెకన్ల పాటు ఆ పాత జనం అరుస్తారు. హాల్లో ఉన్న వందమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బావ కళ్లు మూసుకుని, చేతులు చాపి, తరించిపోతుంటాడు.

మొన్న శని, ఆదివారాలు ఒక హాల్లో రెండు షోలు ఒప్పుకున్నాం. శనివారం షోకి హాలు యజమానురాలు స్వయంగా వచ్చి వింటానంది. నచ్చితే ఏడాదంతా నెలకొక షో ఇస్తుంది. నచ్చకపోతే బ్యాండు మూటాముల్లె సర్దుకోవలసిందే, పిలిచే హాలు ఇంకొకటి లేదు.

మధ్యాహ్నం బావ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్, పన్నెండు సెకన్లేం సరిపోతాయిరా? చివరి పాటకి నలభై వెయ్."

"బావా, పన్నెండు దాటాక ఏముందో ఎప్పుడైనా విన్నావా?"

"ఏముంటుంది? నా జనం! వాళ్ల గురించి నువ్వా నాకు చెప్పేది? వైర్లు చుట్టుకునేవాడివి వైర్లు చుట్టుకో."

నాకు ఒళ్లు మండింది. నీ ఖర్మ అనుకుని నలభై పెట్టాను.

సాయంత్రం చివరి పాటలో, గొంతు పైకెత్తవలసిన చోట, ఎప్పటిలాగే బావ మైకు జనం వైపు తిప్పాడు. అక్కడ తన గొంతు అందక చాలా ఏళ్లయింది. ఎవరూ పాడలేదు. ముందు వరుసలో ఒకాయన ఆవులించాడు. పాట అవగానే బటన్ నొక్కాను. పాతికవేల మంది హోరెత్తారు, బావ చేతులు చాపాడు. పన్నెండు సెకన్లు దాటాయి.

"గడ్డం! గడ్డం! గడ్డం!" అని స్పీకర్లు దద్దరిల్లాయి.

గడ్డం అంటే బావ సొంత తమ్ముడు. అప్పట్లో గిటార్ వాయించేవాడు. మైదానంలో జనం గొంతు చించుకున్నది అతనికోసం. మర్నాడే, క్రమశిక్షణ లేదని వంక పెట్టి, బావ అతన్ని బ్యాండులోంచి గెంటేశాడు.

బావ ముఖం మాడిపోయింది. ఆపమని నాకు సైగలు చేశాడు. నేను ఆపలేదు. వెనక వరుసల్లో ఎవరో పకపకా నవ్వారు. ఇంకెవరో సరదాకి ఆ కేక అందుకున్నారు. కాసేపటికి వందమందీ నేల దంచుతూ "గడ్డం! గడ్డం!" అంటున్నారు. రికార్డు అయిపోయినా వాళ్లు ఆపలేదు. తొమ్మిదేళ్లలో మా ముందు మనుషులు నోరు తెరవడం నేను చూసింది అప్పుడే. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది.

షో అయ్యాక యజమానురాలు స్టేజీ వెనక గదికి వచ్చింది.

"నెలకో షో ఇస్తానండీ. కానీ ఆ గడ్డం ఎవరో, ఆయన కూడా ఉండాలి," అని చెప్పి వెళ్లిపోయింది.

"తమ్ముడికి ఫోన్ చెయ్ బావా. నంబరు నా దగ్గరుంది," అన్నాను.

"చచ్చినా చెయ్యను. రేపటి షోకి మళ్లీ పన్నెండే వెయ్."

"ఇంక వెయ్యడానికేం లేదు. ఆ రికార్డు మొత్తం తుడిచేసే ఇక్కడికొచ్చాను."

లాగి ఒక్కటిస్తాడని ఎదురుచూశాను. ఇవ్వలేదు. చెమట తుడుచుకుంటున్న తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"మరి రేపు నాకు చప్పట్లెవరు కొడతార్రా?" అన్నాడు.

వెటకారమేమో అని ముఖంలోకి చూశాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు.