దేవుని పిడికెడు

దేవునికని నేను తీసిపెట్టే పిడికెడు బియ్యం నిజానికి ఎవరిస్తున్నట్టు? కోరుట్ల దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చిన మొదటి వారం నుంచి, అంటే పద్నాలుగేళ్లుగా, ఎసరు పెట్టిన ప్రతిసారీ ఈ అనుమానం నాతోపాటు పొయ్యి దగ్గర కూర్చుంటోంది. మా అత్త బుచ్చవ్వ పూటకు మూడు గ్లాసులు కొలిచి చేటలో పోస్తుంది. "అండ్లకెల్లే దేవుని పిడికెడు తియ్యి సుజాతా," అంటుంది. పైన ఒక్క గింజ వెయ్యదు. నేను తీసి గూట్లో ఉన్న చిన్న కుండలో వేస్తాను. నెల మొదటి ఆదివారం మా ఆయన శేఖర్ ఆ బియ్యం సంచిలో పోసుకొని చర్చికి తీసుకుపోతాడు. కానుకల పట్టీలో ‘శేఖర్ కుటుంబం’ అని పాస్టరు అయ్యగారు చదువుతారు. ఇంట్లో ముందు ఆయన తింటాడు, తర్వాత అత్త, చివరికి నేను. గిన్నె అడుగున తగ్గేది ఎప్పుడూ ఆ పిడికెడే. ఒకసారి ఆయనతో ఈ మాట అంటే నవ్వాడు. "గట్లయితే ఆశీర్వాదమంత నీకే వస్తది. మాకు గూడ ఇంత పెట్టు."

అయినా అప్పుడు నాకు బాధ ఉండేది కాదు. బీడీలు చుడుతూ పాడుకుంటుంటే ప్రభువు వచ్చి నా చేట పక్కన కూర్చున్నట్టే ఉండేది. అన్నం తక్కువైన రోజు ఇంకొంచెం దగ్గరగా.

మూడేళ్ల కింద జగిత్యాలలో లారీకి బస్తాలు ఎత్తుతూ జారిపడి శేఖర్ కాలు విరిగింది. నా బీడీల కూలి మందులకే పోయేది. ఒక పొద్దున డబ్బాలో గింజ లేదు.

"కుండల ఉన్నయి గదా," అన్నాడు మంచం మీది నుంచి.

"అవి దేవునియి."

"దేవుడేమన్న ఉపాసముంటడా? వండు."

వండాను. మూడు రోజులు తిన్నాం. నేనూ తిన్నాను, రుచిగానే ఉంది. అది తప్పని ఇప్పటికీ అనుకోను. మేం దేవుని పిల్లలమే కదా, పిల్లలు ఆకలంటే ఏ తండ్రి కుండ మీద మూత పెట్టుకుంటాడు? తప్పు ఆ తర్వాత జరిగింది. కాలు బాగయ్యాక చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతూ ఆయన, "ఇంట్ల గింజ లేకున్న దేవుని కుండ ముట్టలే," అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ల వరుసలో కూర్చుని నేనూ అన్నాను. ఇంటికి వచ్చి అడిగితే, "పదిమందిల ఇజ్జత్ ఉండాలె గదనే," అన్నాడు. ఆ రోజు నుంచి పాట నోట్లో ఉంటుంది కానీ లోపలికి పోదు. ప్రార్థనకు మోకాళ్లు వేస్తే పొయ్యి మీది పప్పు గుర్తొస్తుంది. చేట పక్కన ఎవరూ లేరు.

ఈ ఏడు కష్టం మళ్లీ వచ్చింది. నడుము నొప్పితో ఆయన వారానికి రెండు రోజులే పనికి పోతున్నాడు. నాకు బీడీల ఆకు నెలకు పదిహేను రోజులే ఇస్తున్నారు. ఒక పొద్దున బియ్యంలో రాళ్లు ఏరుతూ, ప్రార్థన చేస్తున్నానని కూడా అనుకోకుండా అన్నాను: "తండ్రీ, నీ బియ్యం తిన్నం. తినలేదని చెప్తుంటే నేను స్తోత్రమన్న." అంతే. కన్నీళ్లేమీ రాలేదు. కానీ చాలా రోజులకు ఎవరో విన్నట్టనిపించింది. చేతులు రాళ్లు ఏరుతూనే ఉన్నాయి, ఎప్పుడో మరిచిన చరణం సగం దానంతటదే నోటికి వచ్చింది.

ఆ పూట రెండు పిడికెళ్లు తీశాను, ఒకటి ఎప్పటిది, ఒకటి బాకీది. వండి ముగ్గురికీ ఒకేసారి, సమంగా వడ్డించి నేనూ కూర్చున్నాను.

"బువ్వ గింతేనా?" అంది అత్త.

"ఇప్పటిసంది దేవునికి ముగ్గురం ఇస్తున్నం అత్తమ్మా."

"నేను నలభై ఏండ్లు నా కంచంలకెల్లే ఇచ్చిన. ఒక్కనాడన్న నోరు తెరిచిన్నా?" కంచం దగ్గరికి జరుపుకుంది. "మా అత్త గూడ గట్లనే," అని ముద్ద కలుపుకుంది.

నెల గడిచింది. ఆదివారం పొద్దున కానుక సంచి ఆయనకిచ్చాను. రెండో సంచి, బాకీ బియ్యంది, నా చేతిలోనే ఉంచుకున్నాను.

"అదేంది?"

"మనం తిన్నయి."

"అందరి ముందర నా ఇజ్జత్ తీస్తవా?"

"మూడేండ్లు నీ ఇజ్జత్ నేనే మోసిన. ఇగ నాతోని గాదు."

ముందు నడిచాను. వెనక ఆయన చెప్పుల చప్పుడు కొంచెం ఆగి, మళ్లీ మొదలైంది.

కానుకల వేళ లేచి గంప దగ్గరికి వెళ్లాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇది కానుక గాదు అయ్యగారూ. మూడేండ్ల కింద ఆకలైతే దేవుని కుండలయి తిన్నం. తినలేదని చెప్పినం. ఆ బియ్యమే మళ్ల తెచ్చిన."

ఎవరూ స్తోత్రం అనలేదు. సంచి గంపలో వంచి, అడుగున అంటుకున్న గింజలు కూడా దులిపి, నేనే అన్నాను.